శాంపిల్ ఫామ్ యజమాని హన్మయ్య

ఒక ఫోన్ నంబరు మార్చడానికి మూడు నెలలు పట్టే వెబ్‌సైటే అసలైన వెబ్‌సైట్! మిగతావన్నీ గోడ మీద సుద్దముక్క రాతలు.

ఈ మాట వినగానే మీలో కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి. ఈ రోజుల్లో మాట మీద నిలబడేవాడు ఎవడున్నాడు చెప్పండి? పొద్దున ఒక కండువాలో కనిపించిన నాయకుడు సాయంత్రానికి ఇంకో కండువాలో కనిపిస్తాడు. పెళ్లి కార్డులో ఒక ముహూర్తం ఉంటుంది, తాళి ఇంకో ముహూర్తానికి పడుతుంది. మొయినాబాద్ రోడ్డు మీద మిర్చీబజ్జీల బండి కూడా నిన్న ఉన్నచోట ఇవాళ ఉండదు. పెద్ద కంపెనీ వెబ్‌సైట్ ఒక్కటే ఒకసారి అన్న మాటను, అన్నవాడే వచ్చి కాళ్లావేళ్లా పడినా వెనక్కి తీసుకోదు.

చేవెళ్ల బస్టాండ్ దగ్గర జిరాక్స్ షాపాయన కూడా వెబ్‌సైట్లు చేస్తాడు. "అన్నా, మా టెంట్‌హౌస్ నంబర్ మారింది" అని ఫోన్ చేస్తే అప్పటికప్పుడే మార్చి పారేస్తాడు. మీటింగ్ లేదు, టికెట్ లేదు, ఆమోదం లేదు. అడగ్గానే మారిపోయేదానికి మర్యాద ఏముంటుంది?

అందుకే పెద్ద కంపెనీలు కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనే మహాయంత్రాన్ని కొనుక్కుంటాయి. అందులో మూడు గదులున్నాయనుకోండి. మొదటిది రాసే గది, ఉద్యోగులు అక్కడ పేజీలు రాస్తారు. చివరిది చూపే గది, లోకం చూసేది దాన్నే. ఈ రెండింటి మధ్య దాచే గది ఒకటి ఉంటుంది. చూపే గదికి శ్రమ తగ్గించడానికి అది పేజీల పాత నకళ్లను దాచుకుని, అడిగినవాళ్లందరికీ అవే పంచుతుంది. రాసే గదికి నిప్పు పెట్టినా దాచే గదికి పొగ వాసన రాదు. అంతటి నిశ్చలత్వం మునులకైనా దొరికిందో లేదో!

ఈ మహాయంత్రానికి సేవ చేసే భాగ్యం దక్కిన అమ్మాయి పేరు శిరీష. ఊరు కనకమామిడి. ఉద్యోగం గచ్చిబౌలిలో ఒక అద్దాల మేడలో. వారంలో సగం రోజులు మాత్రం ఇంట్లోనే, ఎరువు బస్తాల పక్కన టేబుల్ వేసుకుని పనిచేస్తుంది.

ఆమె తండ్రి హన్మయ్య, తల్లి జంగమ్మ ఊరి బయట రెండెకరాలు కౌలుకు చేస్తారు. భూమి మహేశ్వర్ సారుది. ఆయన అత్తాపూర్‌లో స్థిరపడిపోయాడు. తన తాత భూమి ఏ దిక్కున ఉందో తెలుసు కానీ, దాని గట్టు మీద నడిచి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. ఏటా కౌలు అందుతుంది, మధ్యమధ్య సంచిలో చిక్కుడుకాయ అందుతుంది, ఆయనకు అంతే చాలు. ఆ భూమిలో రాతి కడీలు పాతించి, తీగ లాగించి, చిక్కుడు పందిరి ఎక్కించింది హన్మయ్య. ఆయన పేరు మాత్రం ఏ కాగితం మీదా లేదు. మహేశ్వర్‌కు తన భూమి గుర్తు రానంతకాలమే ఆ పందిరి హన్మయ్యది. చుట్టూ ఒక్కొక్క పొలమే గోడలు కట్టుకుని ఫామ్‌హౌస్ అవుతుంటే, ఆ ఇంట్లో అందరికీ ఉన్న భయం ఒకటే, ఆయనకు గుర్తొస్తుందేమోనని.

ఇక కథలోకి వద్దాం. తీరికవనం అని ఒక కంపెనీ ఉంది. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల భూములు కొని, ఫామ్‌హౌస్‌లు కట్టి, వాటిని రోజు కిరాయికి ఇస్తుంది, లేదంటే ప్లాట్లు చేసి అమ్ముతుంది. వాళ్ల వెబ్‌సైట్ చేసే పని శిరీష టీమ్‌కు వచ్చింది. ఆమె వంతుకు టెంప్లేట్ పడింది. టెంప్లేట్ అంటే అచ్చు అన్నమాట. అది ఒకసారి కుదిరితే పేజీలన్నీ అందులోంచే దిగుతాయి.

అచ్చు కుదిరిందో లేదో చూడాలంటే అందులో ఏదో ఒక ఉత్తుత్తి సమాచారం నింపాలి. శిరీష ఫోన్ నంబరు గడిలో అన్నీ తొమ్మిదులు కొట్టింది. యంత్రం ఒప్పుకోలేదు, ఓటీపీ వచ్చే నంబరే కావాలంది. నిజమైన ఫోటో కావాలంది. మ్యాపులో చోటు కావాలంది. యజమాని పేరు కావాలంది.

సిటీలో పుట్టిన డెవలపర్ అయితే ఏ కాఫీ షాపు ఫోటోనో పెట్టేవాడు. శిరీష ఫోన్ నిండా ఉన్నది పొలమే. డ్రిప్ పైపులు బిగించేవాళ్లు దారి తప్పినప్పుడు వాట్సాప్‌లో పంపిన లొకేషన్ ఉంది. పూత మీదున్న చిక్కుడు పందిరి ఫోటో ఉంది. ఓటీపీ రాగానే ఒక్కొక్క అంకె చదివి వినిపించే బాపు నంబరు ఉంది. ఇంకేం కావాలి? పేజీకి శాంపిల్ ఫామ్ అని పేరు పెట్టింది. యజమాని గడిలో హన్మయ్య అని కొట్టింది. రేపు తీసేద్దాంలే అనుకుంది.

మర్నాడే రిలీజ్, అంటే వెబ్‌సైట్‌ను లోకానికి తెరిచే రోజు. ఆఫీసులో ఎవరో పేజీలన్నిటినీ కలిపి ఎంచుకుని పబ్లిష్ నొక్కారు.

మొదటి ఫోన్ వచ్చినప్పుడు హన్మయ్య పందిరి కింద కలుపు తీస్తున్నాడు. అవతల కొండాపూర్ నుంచి రేణుక అనే ఆవిడ, ఆదివారం పుట్టినరోజు పార్టీకి చోటు వెతుకుతోంది.

"శాంపిల్ ఫామ్ ఓనరేనా అండీ? స్విమ్మింగ్ పూల్ ఉందా మీ దగ్గర?"

"హౌజు ఉన్నదమ్మా. బోరు నీళ్లు."

"లోతెంత?"

"బర్రె మునుగది."

"మా డాగ్‌ని తెచ్చుకోవచ్చా?"

"మాకో కుక్క ఉన్నది. ఇంకోటి వస్తె కొట్లాడ్తయి."

"మ్యూజిక్ పెట్టుకోవచ్చా?"

"మీ ఇష్టం. నేనైతె పొద్దుగాల రేడియో పెడ్త."

ఇంత నిజాయితీగా మాట్లాడే ఓనర్ ఆవిడకు జీవితంలో దొరకలేదు. అక్కడికక్కడే ఖాయం చేసుకుంది.

సాయంత్రం సంగతి విన్న శిరీష గబగబా పందిరి దగ్గరికి వచ్చింది. "రమ్మన్నవా బాపు?"

"వస్త అన్నోళ్లను వద్దంటమా బిడ్డా?"

"బాపు, అది అమ్మకాల వెబ్‌సైట్. మన పొలం ఫోటో కింద 'ధర కోసం సంప్రదించండి' అని ఉన్నది. మహేశ్వర్ సారు చూస్తె ఏమైతదో ఎరికేనా?"

హన్మయ్య చేతిలోని కొడవలి పక్కన పెట్టాడు. "జల్దిన తీసెయ్ మరి," అన్నాడు.

తీసేయడం ఎంతసేపు! శిరీష రాసే గదిలోకి వెళ్లి పేజీని చెరిపేసింది. ఆమె ల్యాప్‌టాప్‌లో మాయమైంది. బాపు ఫోన్‌లో చూస్తే నిక్షేపంలా ఉంది, ఇంకా పూత మీదే ఉంది. టీమ్‌లో జగదీశ్‌ను అడిగితే "నా దగ్గర కనబడ్తలేదు, అంతా ఓకే" అన్నాడు. దవాఖానలో రోగి మూలుగుతుంటే డాక్టరు థర్మామీటర్ తన నోట్లో పెట్టుకుని "నాకు జ్వరం లేదు" అన్నట్టు! దాచే గదిని ఖాళీ చేయమని ఆ గది తాళాలున్న టీమ్‌కు టికెట్ అనే కంప్యూటర్ అర్జీ వేసింది. పేజీ చూసేవాళ్లు తమ తమ బ్రౌజర్ హిస్టరీ తుడుచుకుంటే సరిపోతుందని జవాబొచ్చింది. పేజీ చూసేవాళ్లంటే ఎవరు? భూమండలం.

శిరీష నిరాశపడే పిల్ల కాదు. కనకమామిడిలో స్మార్ట్‌ఫోన్ ఉన్న ప్రతి ఇంటికీ తిరిగి, పోలియో చుక్కలు వేసినట్టు, ఒక్కొక్కరి బ్రౌజర్ హిస్టరీ తుడిచి వచ్చింది. ఏం తుడిచిపోయిందో చూద్దామని ఊరంతా ఆ పేజీని మళ్లీ తెరిచింది. మర్నాటికి తీరికవనం వెబ్‌సైట్‌లో అన్నిటికన్నా ఎక్కువమంది చూసిన పేజీ శాంపిల్ ఫామే అయింది.

టికెట్‌ను అట్టడుగు వరుసలో పడేశారు. ఎందుకంటే పేజీ చక్కగా తెరుచుకుంటోంది కదా! తెరుచుకోకపోతే కదా సమస్య. ఎంత ధర్మబద్ధమైన ఆలోచనో చూడండి.

ఆదివారం రేణుక కుటుంబం రెండు కార్లలో దిగింది. పిల్లలు హౌజులో పడి ఈదారు. జంగమ్మకు ఈ వెబ్‌సైట్ గొడవ అర్థం కాలేదు, ఇంటికొచ్చినవాళ్లు ఆకలితో ఉన్నారని మాత్రం తెలిసింది. జొన్నరొట్టెలు కాల్చి చిక్కుడుకాయ కూర పెట్టింది. వాళ్లు లొట్టలేసుకుని తిని, పందిరి కింద కేక్ కోసి, వెళ్తూ వెళ్తూ చిక్కుడుకాయలు కోసుకుపోయారు. రాత్రికి రివ్యూలు పడ్డాయి. అన్నీ ఐదు నక్షత్రాలు. ఒక్కరు మాత్రం నాలుగిచ్చి ఇలా రాశారు. "ఓనర్ పాత్ర వేసిన పెద్దాయన పాదులు తొక్కొద్దని మమ్మల్ని కసిరారు. చాలా సహజంగా నటించారు, కానీ కాస్త ఎక్కువైంది."

ఇక మీటింగ్ తప్పలేదు. తీరికవనం మార్కెటింగ్ హెడ్ అరుణజ్యోతి తెర మీద ప్రత్యక్షమైంది. ఆమె మొహం వెలిగిపోతోంది. "ఆ పేజీని ఎవరూ ముట్టుకోవద్దు," అంది. కారణం లేకపోలేదు. మిగతా పేజీలన్నిటిలో కంప్యూటర్ గీసిన ఈతచెట్లు, కంప్యూటర్ గీసిన సూర్యోదయాలు, కంప్యూటర్ గీసిన కుటుంబాలు ఉన్నాయి. నిజంగా మట్టిలో మొలిచినది చిక్కుడు పందిరి ఒక్కటే.

శిరీష మేనేజర్ జ్ఞానేశ్వర్ ఆ తరువాత ఆమెను పక్కకు పిలిచాడు. "చూడు శిరీషా, ఇది బగ్ కాదు. మన బెస్ట్ పేజీ."

"సర్, అది మా బాపు కౌలుకు చేసే పొలం. కంపెనీది కాదు. మా పట్టాదారు చూస్తె అమ్ముకుంటడు సర్. మాకు ఇంకో ఆధారం లేదు."

"నీ ఫీలింగ్ నాకు అర్థమైతది. కానీ ప్రాసెస్ ఉంది కదా. లోకానికి కనబడే పేజీ తీయాలంటే ముందు పేజీ ఓనర్ అప్రూవ్ చేయాలె." అతను స్క్రీన్ మీదికి వంగి చూశాడు. "ఓనర్ హన్మయ్య అని ఉంది. ఏ డిపార్ట్‌మెంట్ ఆయన?"

డిపార్ట్‌మెంట్ లేకపోతే లాగిన్ ఇవ్వరు. కాబట్టి హన్మయ్యను తీరికవనం ల్యాండ్‌స్కేపింగ్‌లో, అంటే తోటపనిలో, వేశారు. లాగిన్ వచ్చింది. లాగిన్ వచ్చినవాళ్లు సమాచార భద్రత మీద ట్రైనింగ్ పూర్తి చేయాలి, పరీక్ష పాసవ్వాలి. పందిరి కింద మోడా వేసుకుని శిరీష ప్రశ్నలు చదివింది, హన్మయ్య జవాబులు చెప్పాడు.

"ముఖం తెలియని మనిషి నీ పనిచేసే జాగకు వచ్చిండు. నువ్వేం చేస్తవ్ బాపు?"

"నీళ్లిస్త."

తప్పు. సెక్యూరిటీకి ఫోన్ చేయాలట. "నీ పాస్‌వర్డ్ ఎవలకు చెప్పొచ్చు?" అంటే "మీ అవ్వకు" అన్నాడు. అదీ తప్పే. నాలుగో ప్రయత్నంలో, జంగమ్మకు కూడా ఏమీ చెప్పనని ఒప్పుకున్నాక, హన్మయ్య పాసయ్యాడు. సర్టిఫికెట్ కూడా వచ్చింది. పేజీ తీసేయడానికి తనకు సమ్మతమేనని నొక్కాడు.

అది అరుణజ్యోతి దగ్గరికి వెళ్లి, కారణం సరిపోదని వెనక్కి వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ వచ్చింది. పొద్దున్నే బర్రెకు గడ్డి వేసినంత క్రమంగా అప్రూవ్ నొక్కి అప్పుడు పనిలోకి దిగడం ఆయనకు అలవాటైపోయింది.

ఇక్కడ ఆగి మహాయంత్రానికి ఒక దండం పెట్టాలి. ఈ లోకంలో హన్మయ్యను యజమాని అని పిలిచింది అదొక్కటే! బ్యాంకువాళ్లు పిలవలేదు, లోన్ అడిగితే పట్టా ఏదన్నారు. పంట నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు పిలవలేదు, వాళ్లూ పట్టా ఏదన్నారు. ఒక ఉత్తుత్తి పేజీ మాత్రం ఆయన నొక్కనిదే కదలనని భీష్మించుకుని కూర్చుంది.

ఒకరోజు అరుణజ్యోతి సెలవులో ఉండగా ఆ ఆమోదం ఎలాగో జారిపోయి తీరికవనం లీగల్‌లో పనిచేసే వనిత దగ్గరికి చేరింది. వనిత అందరినీ కాల్‌లోకి లాగింది. అరుణజ్యోతిని సెలవులోంచి కూడా లాగింది.

"మనది కాని భూమిని మన సైట్‌లో చూపిస్తున్నాం. చాలా పెద్ద రిస్క్ ఇది. పేజీలో ఉన్నదీ నేల మీద ఉన్నదీ ఒక్కటే కావాలి, వెంటనే," అంది వనిత.

శిరీషకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్లకు ఒక్క మనిషి సరైన మాట అంది. "అవును మేడమ్, పేజీ తీసేద్దాం."

"పేజీ ఇప్పుడు కుదరదు," అన్నాడు జ్ఞానేశ్వర్. "కోడ్ ఫ్రీజ్ నడుస్తోంది. బుకింగ్‌ల సీజన్ అయ్యేదాకా సైట్‌లో ఏ మార్పూ చేయొద్దని రూల్."

అరుణజ్యోతి మెల్లగా అడిగింది. "భూమికి ఫ్రీజ్ ఉందా?"

లేదు. భూమికి ఫ్రీజ్ లేదు. పేజీని నేలకు సరిపడేలా మార్చడం కష్టం కాబట్టి నేలను పేజీకి సరిపడేలా మార్చాలని నిర్ణయమైంది. తీరికవనం ఆ భూమి కొంటే పేజీలో ఉన్నది నిజమైపోతుంది, టికెట్ దానంతటదే మూతపడుతుంది. శిరీష "వద్దు సర్, దండం పెడ్త" అన్నది. మీటింగ్ మినిట్స్‌లో ఆ మాట "స్థానిక వివరాలకు శిరీష సహకరిస్తుంది" అని రాసి ఉంది.

సహకారం ఏమీ అవసరం పడలేదు. లొకేషన్ పేజీలోనే ఉంది కదా, పట్టా ఎవరిదో రికార్డుల్లో దొరికింది. మహేశ్వర్‌కు ఫోన్ వెళ్లింది. ఆయనకు తన భూమి గుర్తొచ్చింది.

ఆ తరువాత జరిగినదాంట్లో ఒక్క సాంకేతిక లోపం లేదు. ఒక్క పూటలో రిజిస్ట్రేషన్ అయిపోయింది. యజమాని మారిన సంగతి క్షణంలో రికార్డుల్లోకి ఎక్కింది. పాత నకలు చూపించే దాచే గది అక్కడ లేదు. ఎవరూ ఎవరినీ బ్రౌజర్ హిస్టరీ తుడుచుకోమనలేదు. పేజీ కదలాలంటే హన్మయ్య నొక్కాలి. పొలం కదలడానికి ఆయనకు ఓ మాట చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

మహేశ్వర్ మాత్రం మంచివాడు, అంతా అయ్యాక స్వయంగా వచ్చి చెప్పాడు. కారు దిగకుండా అద్దం దించి మాట్లాడాడు. "ఏమనుకోకు హన్మయ్యా. మంచి బేరం వచ్చింది. పిల్లల చదువులున్నయి."

"పందిరి నిండా కాయ ఉన్నది సారు. ఈ కోతల దాకన్న ఆగుతరా?"

"నేనైతే ఆగుదును. కొన్నవాళ్లు ఏమంటరో."

కొన్నవాళ్లు ఏమీ అనలేదు, జేసీబీని పంపారు. అది ఒక్కొక్క కడీని పెకిలిస్తుంటే పందిరి తీగతో సహా కిందికి వాలింది. జంగమ్మ దానికి ముందు ముందు వంగి నడుస్తూ అందినన్ని కాయలు కొంగులో వేసుకుంది. డ్రైవర్ ఊళ్లోవాడే, కాసేపు బండి ఆపాడు. సూపర్‌వైజర్ కేకేస్తే మళ్లీ కదిలించాడు. గట్టు మీద నిలబడి చూస్తున్న శిరీషకు ఏడుపు ఆగలేదు. దుఃఖం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది, ఆ సిగ్గు కన్నా కోపం ఎక్కువగా ఉంది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో చెప్పే గడి ఏ ఫారంలోనూ లేదు. ఆ రోజుకు సెలవు పెట్టింది. అది మాత్రం వెంటనే మంజూరైంది.

ఇప్పుడక్కడ నీలం టైల్స్ వేసిన స్విమ్మింగ్ పూల్ ఉంది. వచ్చినవాళ్లు ఫోన్ తీసి, ఫోటోలో ఉన్న చిక్కుడు పందిరి ఏదని గొడవపడుతున్నారు. ఒక్క నక్షత్రం రివ్యూలు పడుతున్నాయి. పేజీకీ నేలకూ మళ్లీ పొంతన పోయిందన్నమాట! పేజీ ఎలాగూ మారదు కాబట్టి అరుణజ్యోతి ప్లాస్టిక్ చిక్కుడు తీగలు తెప్పించి పూల్ చుట్టూ కట్టించింది. వాటికి పురుగు పట్టదు, వర్షం అక్కర్లేదు, హన్మయ్య అంతకన్నా అక్కర్లేదు. ఆయన ఇప్పుడు పక్కనే ఉన్న ప్రొద్దుటూరులో ఎవరి పొలంలోనో క్యారెట్ తవ్వే కూలికి పోతున్నాడు.

మొన్న శిరీషకు మెయిల్ వచ్చింది. సీజన్ అయిపోయింది, ఫ్రీజ్ ఎత్తేశారు. మీ టికెట్ మా దృష్టికి వచ్చింది, ఆలస్యానికి చింతిస్తున్నాం, శాంపిల్ ఫామ్ పేజీని అన్ని గదుల్లోంచీ శాశ్వతంగా తొలగించమంటారా, అవునంటే కింద నొక్కండి అని ఉంది అందులో. ఆమె ఫోన్ పట్టుకెళ్లి, అప్పుడే కూలి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న తండ్రికి చూపించింది.

"తియ్యాల్నా బాపు?"

హన్మయ్య తడిచేతులు పంచెకు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసుకుని, పందిరి ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా చూసుకుంటూ పోయాడు.

"ఈ కొసకు పేనుబంక పురుగు పట్టినట్టున్నది బిడ్డా," అన్నాడు. "అప్పుడు మనం చూడకపోతిమి."

శిరీష ఆ మెయిల్‌కు ఇంకా జవాబివ్వలేదు.

కాబట్టి పాఠకులారా, ఈ మహాయంత్రాన్ని తిట్టేవాళ్లతో నేను కలవను. ప్రభువులకు నా విన్నపం ఒక్కటే. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా మిగిలిన పొలాలన్నిటినీ అందులోకి ఎక్కించండి. కోతలు అయ్యేదాకా ఫ్రీజ్ పెట్టండి. ఎవడైనా ఒక పాదు పీకాలనుకుంటే టికెట్ వేయమనండి, ఆ టికెట్‌ను అట్టడుగు వరుసలో పడేయండి. దున్నేవాడి పేరు రాయడానికి ఒక గడి పెట్టి, ఆయన నొక్కేదాకా ఏదీ కదలకుండా చూడండి. నేనేమీ గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. ఒక ఉత్తుత్తి పేజీకి ఇచ్చినంత మర్యాద నిజం పొలానికి కూడా ఇవ్వమంటున్నాను.